తెరకు ఎడమవైపు

మా శిక్షణ గదిలో ముందువరుసలో ఒక కుర్చీ ఉండేది. పొద్దున్నే అందులో కూర్చోవాలంటే ఎంతటివాళ్ళైనా జంకేవాళ్ళు. మెదడు స్కాన్లు చదవడంలో పైస్థాయి ఫెలోషిప్ మాది. అంటే మేమంతా అప్పటికే రేడియాలజీ డాక్టర్లం, సొంతంగా రిపోర్టులు రాసి సంతకాలు పెట్టినవాళ్ళం. చదివింది చాలక, మెదడు లోతులు తేల్చుకుందామని మళ్ళీ బడిపిల్లల్లా వచ్చి చేరాం. రోజుకొకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి గోడంత తెర మీద ఒక స్కాన్ వేసేవారు. రోగి పేరు చెప్పరు, వయసు చెప్పరు, ఏ బాధతో వచ్చాడో చెప్పరు. కుర్చీలో ఉన్నవాళ్ళు బొమ్మ చూస్తూ గట్టిగా చదవాలి. వెనక కూర్చున్నవాళ్ళు తమ వంతు కానందుకు లోపల్లోపల సంతోషిస్తూ వినాలి.

కుర్చీ పక్కన నిలబడి ప్రశ్నలు వేసేది మా డిపార్టుమెంటు పెద్ద. అందరూ ఆయన్ని డేగ సార్ అనేవాళ్ళు, ఎదురుగా కాదు, వెనకాల. ఆవగింజంత మచ్చ ఉన్నా పట్టేస్తాడని ఆ పేరు. అది ఆయన చెవిన పడ్డాక ఆయనకీ నచ్చింది. ఇంతటి పెద్దమనిషి గురించి ‘అన్నారు’, ‘చూశారు’ అని రాయడం మర్యాద. నా చేతికి ఆ మర్యాద రావడం లేదు. ‘అన్నాడు’ అనే రాస్తాను, చదివేవాళ్ళు ఏమైనా అనుకోండి.

చేరిన కొత్తలో ఒక కుట్టుపని ఆవిడ విపరీతమైన తలనొప్పితో ఆసుపత్రికి వచ్చింది. ఆవిడ స్కాన్ మొదట నా చేతికొచ్చింది. మెదడు కుడివైపు ఒక రక్తనాళం మీద చిన్న బుడిపె ఉంది. నాళం గోడ పలచబడి ఉబ్బితే అలా కనిపిస్తుంది. అది పగిలిందంటే మనిషి చేతికి దక్కడం కష్టం. చదివి, రాసి, డేగ సార్ దగ్గరికి పరుగెత్తాను. మాలాంటి ఫెలోలు రాసిన రిపోర్టుకి ఆయన సంతకం పడితేనే అది బయటికి వెళ్తుంది.

“సార్, కుడివైపు నాళం మీద బుడిపె ఉంది. సర్జన్‌కి ఫోన్ చెయ్యమంటారా?” అన్నాను.

ఆయన బొమ్మలు గబగబా పైకీ కిందికీ తిప్పాడు. “ఎక్కడుంది?”

“ఇక్కడ సార్,” అని తెర మీద వేలు పెట్టబోయాను.

“వేలు తియ్యి. తెరంతా మరకలు. నాకు కళ్ళున్నాయి.” మళ్ళీ ఒకసారి తిప్పాడు. “ఏమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రతి మూలా దయ్యమే కనిపిస్తుంది. నార్మల్ అని పెట్టు.”

“సార్, ఇంకొక్కసారి చూడండి. నాకు బుడిపెలాగే ఉంది.”

ఆయన నా వాక్యం కొట్టేసి, నార్మల్ అని తనే టైపు చేసి, సంతకం పెట్టేశాడు. మా కంప్యూటర్లో సంతకం పడగానే అంతకు ముందు రాసినది చెరిగిపోతుంది. మిగిలేది చివరి మాట ఒక్కటే. పైన మాత్రం ‘మొదట చదివిన డాక్టర్’ అని నా పేరు ఉంటుంది.

కొద్దిరోజులకే ఆ బుడిపె పగిలింది. ఆవిడ బతికింది గాని ఎడమ చెయ్యి పడిపోయింది. గుడ్డ పట్టుకోవడానికి ఒక చెయ్యి, సూది నడపడానికి ఒక చెయ్యి కావాల్సిన మనిషి. వాళ్ళ అన్నయ్య వచ్చి, నా పేరు చదివి, వరండాలో అందరి ముందూ నన్ను నిలదీశాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. విచారణలో నిజం బయటపడుతుందిలే అనుకున్నాను.

విచారణ కమిటీ ముందు డేగ సార్ ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. “ఈ అమ్మాయి నాకేమీ చెప్పలేదు. నార్మల్ అని తెచ్చింది, సంతకం పెట్టాను. నమ్మడం నా పొరపాటే,” అన్నాడు. ఎంత వినయం, ఎంత పెద్దమనసు అన్నట్టు కమిటీలో అందరూ తలలూపారు. చెప్పానని అన్నా చూపించడానికి నా దగ్గర ఏముంది, చెరిగిపోయిన వాక్యం తప్ప.

‘ముఖ్యమైన లోపాన్ని గుర్తించలేదు, పైవారికి తెలపలేదు’ అని నా ఫైల్లో ఒక కాగితం చేరింది. ఫెలోషిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తానన్న ఆసుపత్రి మర్యాదగా మొహం చాటేసింది. ఆ కాగితం ఫైల్లో ఉన్నంతకాలం ఏ ఆసుపత్రీ నన్ను గుమ్మం తొక్కనివ్వదు. ఆ కాగితం చేరిన మర్నాడు పొద్దున్న శిక్షణ గదిలోకి అడుగుపెట్టగానే డేగ సార్ కుర్చీ చూపించి, “రామ్మా నార్మలమ్మా, ఇవాళ నీ వంతే,” అన్నాడు. గది గదంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి నా సొంత పేరు నాకే పరాయిదైపోయింది. టీ మిషన్ దగ్గర కూడా నార్మలమ్మనే.

నేనేమీ శాంతమూర్తిని కాను. ఆ క్షణంలోనే అనుకున్నాను, ఈ మనిషిని ఇదే కుర్చీలో, ఇదే జనం ముందు, నోరు తెరిచి నిజం చెప్పేలా చెయ్యకపోతే నా చదువు దండగ అని. ఏడాదంతా ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ పళ్ళు నూరుకుంటూ జవాబు నేర్చుకున్నాను. కసితో చదివితే ఎంత బాగా తలకెక్కుతుందో అప్పుడే తెలిసింది.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఫెలోషిప్ చివరి శుక్రవారం ఫెలోలంతా కలిసి డిపార్టుమెంటు పెద్దని ఆ కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఆ ఒక్కరోజు స్కాన్లు ఎంచేది మేము, చదివేది ఆయన. మామూలుగా ముద్దుగా ఏవో రెండు వింత కేసులు వేస్తారు, ఆయన టక్కున చెప్పేస్తాడు, చప్పట్లు కొట్టి ఫొటోలు దిగుతారు. నాతో పాటు చేరిన ఫెలో ఒకాయన ఉన్నాడు, గుమ్మాలకి తల తగిలేంత పొడుగు. అందరం పొడుగాయన అనే పిలిచేవాళ్ళం. ఆయన నా దగ్గరికి వచ్చి, “ఈసారి స్కాన్లు నువ్వే ఎంచమ్మా. ఆయన మీద నీకున్నంత ప్రేమ మాకెవరికీ లేదు,” అన్నాడు.

నాకు కావలసింది అదే. డేగ సార్ నార్మల్ అని సంతకం పెట్టి, తర్వాత ఇంకెవరో లోపం కనిపెట్టిన స్కాన్లు వెతకడం మొదలుపెట్టాను. ఒకటో రెండో దొరికితే చాలనుకున్నాను. గత రెండేళ్ళలోనే చాలా దొరికాయి. తెలియనివాళ్ళు కూడా చూడగలిగేంత పెద్దవీ వాటిలో ఉన్నాయి. అంతకు ముందు ఏళ్ళలో ఒక్కటి కూడా లేదు. అది నాకు వింతగా తోచలేదు. ముసలాయనకి పొగరెక్కి చూడటం మానేశాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అందరూ ఏదో ఉపన్యాసానికి వెళ్ళారు. రిపోర్టులు చదివే గదిలో వరసగా ఉన్న తెరలన్నిటి మీదా ఆ స్కాన్లు ఒక్కోటి వేశాను. ఏది ముందు వెయ్యాలి, ఏది ఆఖర్న వేసి ఆయన మొహం చూడాలి అని తీరిగ్గా ఎంచుకుంటున్నాను. పెళ్ళికి చీర ఎంచుకునేటప్పుడు కూడా ఎవరూ అంత సంబరపడరు. అటూ ఇటూ నడుస్తూ చూస్తుంటే కాలు ఆగిపోయింది.

మా బొమ్మల్లో ఒక పద్ధతి ఉంది. రోగి మనకి ఎదురుగా ఉన్నట్టు చూస్తాం. అందుకని అతని కుడి మనకి ఎడమ. మెదడు కుడిభాగంలో ఉన్నది తెరకు ఎడమవైపు కనిపిస్తుంది. నేను పేర్చిన స్కాన్లలో ఒక దాంట్లో రక్తపు మరక, ఒక దాంట్లో గడ్డ, ఒక దాంట్లో మూసుకుపోయిన నాళం. జబ్బులు వేరు, మనుషులు వేరు. కానీ ఆయన వదిలేసిన ప్రతిదీ తెరకు ఎడమవైపే ఉంది. కుడివైపు ఆవగింజంత మచ్చ కూడా వదల్లేదు. ఆ కుట్టుపని ఆవిడ బుడిపె కూడా తెరకు ఎడమవైపే.

కుర్చీలో కూలబడ్డాను. ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. కాఫీ తెచ్చే ఆవిడ మీద ఆయన రోజూ విరుచుకుపడేవాడు, నా కాఫీ ఏదీ అని. కప్పు ఆయన ఎడమచేతి పక్కనే చల్లారిపోతూ ఉండేది. ఆవిడ తిట్లు తిని తిని, కప్పు కుడివైపు పెట్టడం ఎప్పుడో అలవాటు చేసుకుంది. కారు ఎడమ అద్దం విరగ్గొట్టుకుని, గేటు కట్టినవాణ్ణి తిట్టి, డ్రైవర్ని పెట్టుకున్నాడు. వరండాలో ఒక్కోసారి నా పలకరింపుకి జవాబు కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయేవాడు. నేను ఆయనకి ఎడమవైపు నుంచి వచ్చిన రోజుల్లోనేమో. దాన్ని పొగరనుకున్నాను. పొగరు కూడా ఉందనుకోండి.

మెదడు వెనక కుడిభాగంలో ఒక చోటు దెబ్బతింటే మనిషికి లోకం ఎడమ సగం జారిపోతుంది. అటువైపు చీకటిగా ఉండదు, మసకగా ఉండదు, అసలు అటు అనేది ఒకటుందనే ధ్యాసే పోతుంది. పోయిందని తెలియకపోవడమే ఆ జబ్బు లక్షణం. ఈ పాఠం మాకు చెప్పింది డేగ సారే. బ్రహ్మాండంగా చెప్పాడు.

నాకు జాలి వేసిందని మీరనుకుంటారు. జాలి కాదు, ఒళ్ళు మండిపోయింది. ఏడాదంతా కూడబెట్టుకున్న పగ. తీరా చెయ్యెత్తే సమయానికి ఎదుటివాడు రోగి అయి కూర్చున్నాడు. రోగి మీద చెయ్యెత్తే డాక్టర్ని ఎవరు మెచ్చుకుంటారు.

నేను అక్క ఇంట్లో ఉంటున్నాను. అక్క స్కూల్లో లెక్కల టీచరు, బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ సాయంత్రం అక్క వంటింట్లో బఠాణీలు ఒలుస్తుంటే జరిగిందంతా చెప్పాను.

“అంటే ఆయనకి నిజంగానే కనపడలేదా?” అంది అక్క.

“కనపడలేదు. ఇప్పటికీ కనపడదు. తెలీదు కూడా.”

“బాగానే ఉంది. ఇంక జబ్బు అడ్డం పెట్టుకుని చక్కగా తప్పించుకుంటాడు. అందరూ అయ్యో పాపం అంటారు. నీ కాగితం మాత్రం నీ ఫైల్లోనే ఉంటుంది.” బఠాణీలు ఒలవడం ఆపి నా వైపు చూసింది. “ఒకటి చెప్పు. చూడకపోవడం జబ్బు. చెప్పలేదని నీ మీద తొయ్యడం ఏ జబ్బే?”

నాకు ఆ ముక్క తట్టనే లేదు. ఇన్నేళ్ళు చదివింది నేను, లెక్క తేల్చింది అక్క.

బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. “నాకు పైకీ కిందికీ తప్ప కుడీ ఎడమా తెలీదు గాని మరదలా, ఆయన రేపు కూడా రిపోర్టులు సంతకం పెడతాడు కదా. ఎవరింటి మనిషి ప్రాణమో అందులో ఉంటుంది.”

“పొడుగాయనకి చెప్పాను బావా. ఆయన సంతకం పెట్టినవన్నీ ఇవాళ్టి నుంచి మేమిద్దరం మళ్ళీ చదువుతున్నాం.”

“అది ఎన్నాళ్ళు నడుస్తుంది? వెళ్ళి చెప్పు. తర్వాత నీ పగ నువ్వు తీర్చుకో, ఎవరొద్దన్నారు.”

మర్నాడు ఆయన గదికి వెళ్ళాను. తలుపు ఆయనకి ఎడమవైపు. లోపలికి వచ్చి నిలబడ్డాను, ఆయన చూడలేదు. బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్తే అప్పుడు తలెత్తి, “తలుపు తట్టే అలవాటు లేదా?” అన్నాడు.

చెప్పాల్సింది చెప్పాను. స్కాన్ల సంగతి, కాఫీ సంగతి, కారు సంగతి. కోపం లేకుండా, రోగికి చెప్పినట్టే చెప్పాను. అంతా విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

“ఏడాది చదువు చెప్పినందుకు ఇదా నువ్వు ఇచ్చేది? నా బుర్రలో గడ్డ ఉందంటావు.”

“ఉందని అనడం లేదు సార్. స్కాన్ తీయించుకోమంటున్నాను.”

“తీయించుకుంటాను. శుక్రవారం నువ్వు ఎంచినవేవీ అక్కర్లేదు. నా స్కాన్ నేనే తెర మీద వేస్తాను, నేనే చదువుతాను, అందరి ముందూ. అయ్యాక నువ్వు లేచి నిలబడి క్షమాపణ చెప్తావు. నీ ఫైల్లో రెండో కాగితం కూడా చేరుతుంది. పగబట్టి పైవాళ్ళ మీద నిందలు వేసే మనిషని.” అని, నవ్వు ఆపి, “వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు,” అన్నాడు.

గురువారం సాయంత్రం ఎమ్మారై తీసే టెక్నీషియన్ నన్ను పిలిచి, గది తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

“మేడమ్, సార్ గడ్డలుంటే తెల్లగా చూపించే మందు నరానికి ఎక్కించుకుని మరీ స్కాన్ తీయించుకున్నారు. దిగి వచ్చి బొమ్మలన్నీ చూసుకుని, నా భుజం తట్టి, అద్దంలా ఉందోయ్ అని ఇప్పుడే వెళ్ళారు. నేను తీసేవాణ్ణే గాని చదివేవాణ్ణి కాను. ఆయన అంతటివారు అన్నాక నేనేం అంటాను. కానీ మీరోసారి చూడండి.”

చూశాను. తెరకు ఎడమవైపు, వెనకగా, నిమ్మకాయంత తెల్లటి ముద్ద. మెదడు మీది పొర నుంచి పుట్టి లోపలికి నొక్కుకుపోయింది. ఇలాంటి గడ్డలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. చాలావరకు ప్రాణం తీసేవి కావు, కోసి తీసెయ్యొచ్చు. సరిగ్గా ఏ చోటు చెడితే ఎడమ సగం మాయమవుతుందో ఆ చోటునే అది కూర్చుంది. ఆయన తన గడ్డని తానే చూడలేకపోయాడు.

“లిఫ్టు దగ్గరే ఉంటారు మేడమ్. పిలుచుకు రానా?” అన్నాడు టెక్నీషియన్.

“వద్దు. రేపు పొద్దున్నే చెప్తాను,” అన్నాను.

ఏళ్ళుగా ఉన్న గడ్డ ఒక్క రాత్రిలో ముంచేదేమీ లేదు. అది లెక్క చూసుకునే అన్నాను. మెదడు సర్జన్‌కి ఫోన్ చేసి, పొద్దున్న మా గదికి రమ్మనీ, ఒక అర్జెంటు కేసు ఉందనీ చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. రోగికి ఇలాంటి కబురు నలుగురిలో చెప్పకూడదని మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. నాకూ తెలుసు. నలుగురినీ పిలిచింది నేను కాదు, ఆయనే. నేను అడ్డుపడలేదు, అంతే. అడ్డుపడాలనీ అనిపించలేదు.

శుక్రవారం గది కిటకిటలాడింది. కబురు ఎలా పాకిందో గాని పక్క డిపార్టుమెంట్ల వాళ్ళు కూడా వచ్చి గోడలకి ఆనుకుని నిలబడ్డారు. విచారణ కమిటీలో తలూపిన ఇద్దరు పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. డేగ సార్ ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చి, దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు.

“ఇవాళ తమాషా ఏంటంటే, స్కాన్ నాది. నా బుర్ర పాడైపోయిందని మన నార్మలమ్మ తేల్చింది. మీరే చూడండి,” అని తెర మీద వేశాడు. నవ్వడానికి కొందరు నోళ్ళు తెరిచారు. తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఎంత బాగా చదివాడో చెప్పలేను. నాళాలు, పొరలు, మడతలు, ఒక్కటి వదలకుండా, ఒక్క తడబాటు లేకుండా. చేతిలోని లేజర్ లైటు చుక్క తెర కుడి సగంలోనే తిరుగుతోంది. మధ్య గీత దాకా వచ్చి, గోడ తగిలినట్టు వెనక్కి పోతోంది. “రెండు వైపులా సమానం. గడ్డ లేదు, వాపు లేదు, రక్తం లేదు. నా వయసుకి ఇంత శుభ్రమైన మెదడు ఉండటం అదృష్టం,” అని ముగించాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. నిమ్మకాయంత ముద్ద అందరికీ కనిపిస్తోంది, ఆయనకి తప్ప. వెనక నుంచి సర్జన్ సగం లేచాడు. పొడుగాయన తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. నా జన్మలో అంత తీపి నిశ్శబ్దం వినలేదు. ఎవరేమనుకున్నా ఆ మాట దాచను.

“ఏం, నోళ్ళు పడిపోయాయా?” అన్నాడు డేగ సార్. “నార్మలమ్మా, లేచి చెప్పు. ఏముంది?”

లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. బొమ్మ కుడి ఎడమలు తారుమారు చేసే మీట ఒకటుంది. మా వృత్తిలో దాన్ని ముట్టుకోవడం పాపం. పొరపాటున అలా వదిలేస్తే సర్జన్ మంచివైపు కోసేస్తాడు. ఆ మీట నొక్కాను. తెల్లటి ముద్ద ఎడమ నుంచి కుడికి దూకింది.

ఆయన ముందుకి వంగాడు. చాలాసేపు చూశాడు. “ఇదెవరిది?”

“మీదే సార్. కుడి ఎడమలు తిప్పాను.”

ఆయన చేతిలో లైటు చుక్క గడ్డ మీదికి వచ్చి ఆగింది. అప్పుడు దాన్ని కూడా చదివాడు, ఆ పద్ధతిలోనే. ఎంత ఉంది, దేనికి అంటుకుంది, చుట్టూ వాపు ఎంత. “తీసెయ్యొచ్చు,” అని ముగించాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు. “ఆ కుట్టుపని ఆవిడ బుడిపె కూడా నాకు కనపడని వైపేనా?”

“అవును సార్.”

ఆయన జనం వైపు తిరిగాడు. “విన్నారుగా. నాకు కనపడలేదు. జబ్బు వల్ల కనపడలేదు. అందులో నా తప్పేమీ లేదు.”

అయ్యో పాపం అని ఎవరో అననే అన్నారు. కమిటీ పెద్దవాళ్ళు మళ్ళీ తలూపడం మొదలుపెట్టారు. అక్క చెప్పింది చెప్పినట్టు జరిగిపోతోంది.

“స్కాన్ చదవడం ఇంకా అవలేదు సార్,” అన్నాను. మీట నొక్కి బొమ్మను మళ్ళీ సరైన వైపుకి తిప్పాను. చెవుల మట్టానికి దించాను. “ఇది వినికిడి భాగం. రెండు వైపులా బాగుంది. ఇది విన్నమాట అర్థం చేసుకునే భాగం. బాగుంది. ఇది జ్ఞాపకం నిలిపే భాగం. ఇదీ బాగుంది. బుడిపె ఉందని ఆ రోజు మీకు చెప్పాను. ఇంకోసారి చూడమని కూడా అడిగాను. మీకు కనపడలేదంటే ఇప్పుడు నమ్ముతున్నాను. నేను చెప్పనే లేదని కమిటీ ముందు అన్నారు. దానికి కారణం ఈ స్కాన్‌లో ఎక్కడా దొరకడం లేదు సార్.”

కమిటీ పెద్దవాళ్ళ తలలు ఆగిపోయాయి. డేగ సార్ తెర వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన ముసలివాడయ్యాడని అప్పుడే గమనించాను, అయినా ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

“చెప్పింది,” అన్నాడు చివరికి. “ఆ రోజే చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను.”

గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు, గుసగుసలు. కమిటీ పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సర్జన్ ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, “రండి సార్, పైన నా గదిలో మాట్లాడుకుందాం,” అన్నాడు.

“ఒక్క నిమిషం డాక్టర్ గారూ,” అని నేను అడ్డం నిలబడ్డాను. బల్ల మీద నుంచి తెల్లకాగితం తీసి, పెన్నుతో సహా డేగ సార్ ముందు పెట్టాను. “ఇప్పుడన్నది రాసివ్వండి సార్.”

“ఇప్పుడా? ఇప్పుడేనా?” అని పొడుగాయన నా చెవిలో గొణిగాడు.

“ఇప్పుడే. తల కోశాక ఏం గుర్తుంటుందో, ఏం గుర్తుండదో ఎవరు చెప్పగలరు,” అన్నాను. గట్టిగానే అన్నాను. అంత కర్కోటకురాలివా అన్నట్టు కొందరు నావైపు చూశారు. చూడనివ్వండి. వాళ్ళే నన్ను ఏడాది పాటు నార్మలమ్మా అని పిలిచి నవ్వారు.

డేగ సార్ పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద తలవంచి నెమ్మదిగా రాశాడు. బుడిపె సంగతి నేను ముందే చెప్పానని, రెండోసారి చూడమని అడిగానని, తాను విని కొట్టేశానని, కమిటీకి అబద్ధం చెప్పానని. కింద సంతకం, తేదీ. కమిటీ పెద్దవాళ్ళ చేత సాక్షి సంతకాలు పెట్టించాను.

కాగితం తీసుకుని, రిపోర్టు సరిచూసినట్టు మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఆయన అక్షరాలన్నీ కుడి సగంలోనే ఉన్నాయి. ప్రతి వరసా కాగితం నడిమధ్యలో మొదలై కుడి అంచు దాకా పోయి, మళ్ళీ నడిమధ్యకే వచ్చింది. ఎడమ సగమంతా తెల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంది. ఆయన తలెత్తి, “సరిగ్గా ఉందా?” అని అడిగాడు. ఆ గొంతులో భయం ఉంది. రోగుల గొంతుల్లో రోజూ వినే భయమే.

“సరిపోయింది సార్,” అన్నాను. ఇంకో కాగితం ఇవ్వలేదు.